తాడు లాగేవాడి ముఖం

ఆ ఉదయం నల్ల ముసుగు తలమీంచి దించుకోగానే ఫ్లమీనియోకి తన ఊపిరే వేడిగా వెనక్కి వచ్చి మొహానికి తగిలింది. అంతకుముందు దాన్ని తొడుక్కున్నవాడెవడో తిన్న ఉల్లిపాయ వాసన గుడ్డని ఇంకా వదల్లేదు. కళ్ల దగ్గర రెండు కంతలు తప్ప బయటికి దారి లేదు.

"మొదటిసారి కదా తమ్ముడూ, అట్లాగే ఉంటుంది," అన్నాడు ఎర్కోలే. "నోటితో పీల్చు. కాసేపటికి ముసుగుందన్న సంగతే మరిచిపోతావు. నేనోసారి దీంతోనే భోజనానికి ఇంటికెళ్లిపోయాను. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు."

ఎర్కోలే పట్టు వ్యాపారి. సంఘంలో అందరికన్నా పెద్దవాడు. ఇటలీలోని బోలోన్యా నగరంలో ఉరిశిక్ష పడ్డవాణ్ణి తలారికి అప్పగించే ముందు ఈ సంఘానికి అప్పగిస్తారు. సంఘంలోని సోదరులు అతని పక్కన కూర్చుంటారు, వైను ఇస్తారు, గుడి గురువు దగ్గర పాపసంకీర్తనానికి, అంటే చేసిన పాపాలు చెప్పుకోవడానికి, ఒప్పిస్తారు. ఆ తర్వాత ఒకడు చిన్న పిడి ఉన్న బొమ్మల పలకని అతని మొహానికి జానెడు దూరంలో పట్టుకుని జైలు గుమ్మం నుంచి ఉరికొయ్య నిచ్చెన చివరిదాకా నడుస్తాడు. పలకకి ఒకవైపు సిలువ మీద క్రీస్తు, రెండోవైపు విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఒక వేదసాక్షి మరణం. పోయేవాడికి ఆ బొమ్మ తప్ప మరేమీ కనపడకూడదు. తాడు కనపడకూడదు, జనం కనపడకూడదు. పలక పట్టినవాడి చెయ్యి వణకకూడదు. ముసుగులో ఉన్నదెవరో పోయేవాడికి తెలియకూడదు.

చెయ్యి వణకదన్న నమ్మకంతోనే ఈ రోజు పలక ఫ్లమీనియోకి ఇచ్చారు. అతను చిత్రకారుడు. రంగుల పని కన్నా సుద్దతో, సిరాతో కాగితం మీద గీసిన వాటికే అతనికి పేరు. అందులోనూ వేదసాక్షుల బొమ్మలకి. ఇనప కమ్ముల మీద కాలుతున్న లారెన్సు, చర్మం ఒలిపించుకుంటున్న బర్తొలొమయి, రాళ్ల కింద కూలిన స్తెఫాను. పెద్దింటివాళ్లు వాటిని సొరుగుల్లో దాచుకుని, భోజనాలయ్యాక అతిథులకి చూపించి, చూసినవాళ్లు మొహం తిప్పుకుంటే మురిసిపోయేవారు. కిందటి ఈస్టరు ముందు తపస్సు కాలంలో ఫ్లమీనియో సంఘానికి ఒక పలక కానుకగా ఇచ్చాడు. దాని మీద, వాలు సిలువకి ఒకడు తాళ్లతో కట్టేస్తున్న పునీత అంద్రెయ. ఇవాళ ఎర్కోలే బీరువా తెరిచి తీసింది ఆ పలకనే.

"పాతది పగిలింది. నీ చేత్తో చేసింది నీ చేత్తోనే పట్టుకో," అన్నాడు.

ఫ్లమీనియోకి లోపల సంతోషం కలిగింది. సంతోషించినందుకు కొంచెం సిగ్గు కూడా వేసింది. కానీ రెండింటిలో ముందు వచ్చింది సంతోషమే.

జైలువాళ్లు ఖైదీని సంఘం గదిలోకి తోశారు. గోడవైపు తిప్పి, వెనకనున్న సంకెళ్లని ముందుకి మార్చారు. ఫ్లమీనియోకి ముందు కనిపించింది వీపు. కుడి భుజం ఎడమ దానికన్నా బరువుగా కిందికి దిగి ఉంది. మెడ కింద ఎముక పక్కన ఒక పల్లం. ఆ పల్లంలో నీడ ఎంత ముదురుగా పడుతుందో అతని వేళ్లకి తెలుసు. పేరు తర్వాత గుర్తొచ్చింది. మెంగో. కాలవ రేవులో జనపనార మోపులు మోసేవాడు. రెండేళ్ల కిందట ఒక చలికాలమంతా ఫ్లమీనియో పనిగదిలో బొమ్మకి నమూనాగా నిలబడ్డాడు. ఒక కాలు దుంగకి తన్ని పెట్టి, రెండు చేతులా తాడు లాగుతూ, భుజం మీంచి మొహం వెనక్కి తిప్పి.

పలక మీద అంద్రెయని కట్టేస్తున్నవాడు మెంగో.

ఫ్లమీనియో పలకని చప్పున క్రీస్తు ఉన్న వైపు తిప్పి గుండెకి ఆనించుకున్నాడు. ఎర్కోలేకి ఇప్పుడే చెప్పెయ్యొచ్చు. నేను పట్టుకోను, నన్ను పంపించెయ్యండి, కారణం తర్వాత చెప్తాను అనొచ్చు. నోరు తెరిచాడు కూడా. కానీ ఎర్కోలే అప్పటికే బల్ల దగ్గరికి వెళ్లి మెంగో పక్కన కూర్చున్నాడు. ఇంకాసేపు చూద్దాం, బహుశా రెండోవైపు తిప్పే అవసరమే రాదేమో, అనుకున్నాడు ఫ్లమీనియో. అనుకుంటూనే, ఆ మాట తనది కాదనీ, తన పలకని బీరువాలోకి పోనివ్వడం ఇష్టంలేని ఇంకెవడో తనలోంచి అంటున్నాడనీ కూడా గమనించాడు. గమనించి ఊరుకున్నాడు.

"తాగు నాయనా," అన్నాడు ఎర్కోలే, వైను గ్లాసు జరిపి.

"మంచిదేనా?" అన్నాడు మెంగో. "రేవులో మాకు పోసేది చచ్చినోడు తాగినా లేచి తిడతాడు." తాగాడు. "మంచిదే. ఇట్టాంటిది పోస్తారని ముందే తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి."

"మెంగో, మధ్యాహ్నం గంట కొట్టగానే బయల్దేరాలి. గురువుగారు పక్క గదిలో ఉన్నారు. రేవులో నీతో పనిచేసే తాదేయోని చంపావు. ఒప్పుకున్నావు. పశ్చాత్తాపపడుతున్నాననే మాట ఒక్కటి మిగిలింది."

"చంపానని అడిగినోడికల్లా చెప్పాను పెద్దయ్యా. ఏడుపు రావట్లేదు. రానిది ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"ఆ మాట లేకపోతే పాపవిమోచనం లేదు. నిన్ను గుడి స్థలంలో పెట్టనివ్వరు. చచ్చిన గాడిదల్ని పారేసే గుంటలో, ఊరి గోడ అవతల పడేస్తారు. మీ అమ్మ ఎక్కడికొచ్చి దీపం పెట్టుకుంటుంది?"

మెంగో గ్లాసుని దూరంగా నెట్టాడు. "అమ్మ మాట ఎత్తకండి," అన్నాడు. "మిగిలినవన్నీ ఎత్తుకోండి."

ఎర్కోలేకి ఓపిక ఎక్కువ. నరకం గురించి చెప్పాడు, క్షమ గురించి చెప్పాడు, క్రీస్తు పక్కనే సిలువ మీద చివరి క్షణంలో పశ్చాత్తాపపడ్డ దొంగ గురించి చెప్పాడు. మెంగో తల ఊపుతూ విన్నాడు, సంతలో వస్తువు కొనే ఉద్దేశం లేనివాడు ధర విన్నట్టు. క్రీస్తు బొమ్మని ఒకసారి చూసి, "దేవుడు ఆయన. ఓర్చుకుంటాడు. నేను మోపులు మోసేవాణ్ణి," అన్నాడు.

"సరే, మనిషినే చూడు," అన్నాడు ఎర్కోలే. "ఈ అంద్రెయ జాలరివాడు. నీలాగే చెయ్యి కాయలుకాసినవాడు. సోదరా, పలక తిప్పు."

ఫ్లమీనియో కదల్లేదు.

"తిప్పు సోదరా."

అతను తిప్పాడు.

మెంగో చూశాడు. ముందు మామూలుగా, తర్వాత మెడ చాచి. సంకెళ్లు బల్ల అంచుకి తగిలి గీసుకున్నాయి. ముసుగులో ఫ్లమీనియోకి తన రెప్పలు గుడ్డకి రాసుకోవడం వినిపించింది.

"ఇది నేనే," అన్నాడు మెంగో.

"ఏమిటి నాయనా?"

"ఈ తాడు లాగేవాడు. నా చెవి చూడండి, కొరికేస్తే తెగిన చెవి. ఇది నేనే." కళ్లెత్తి ముసుగు కంతల్లోకి చూశాడు. "మేస్త్రీ. మీరేనా లోపల?"

జవాబు చెప్పకూడదు. ఫ్లమీనియో చెప్పలేదు. కానీ పలక కదిలింది, అదే జవాబైంది.

"మీరే. గదిలో చలి వేస్తోందంటే, వణుకు కండకి మంచిదిరా, కనిపిస్తుంది అనేవారు," అని మెంగో నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "అయితే ఇదన్నమాట. నేను పోతూ పోతూ చూడాల్సింది నా మొహాన్నే. అదీ పునీతుణ్ణి కట్టేస్తూ. బాగుంది మేస్త్రీ. జడ్జీగారు నోటితో చెప్పింది మీరు బొమ్మ గీసి చూపించారు. ఇంక నేనెవరో నాకు తెలిసిపోయింది. పెద్దయ్యా, ఆ గురువుగారిని ఇంటికెళ్లి భోంచెయ్యమనండి."

అతను బల్ల మీద అటు తిరిగి గోడని చూస్తూ కూర్చున్నాడు. ఎర్కోలే పిలిస్తే పలకలేదు. భుజం తడితే కదల్లేదు.

ఎర్కోలే ఫ్లమీనియోని వసారాలోకి లాక్కెళ్లాడు. తన ముసుగు పైకెత్తాడు. ముసలాయన మొహం చెమటతో తడిసి ఉంది. కోపం గొంతులో కన్నా ఆ తడిలో ఎక్కువ కనిపించింది.

"తెలుసా నీకు?"

"వాణ్ణి తీసుకొచ్చాక తెలిసింది."

"అప్పుడెందుకు చెప్పలేదు?"

ఫ్లమీనియో పలక అంచుని బొటనవేలితో తుడిచాడు.

"ఆ పునీతుడెవరు? ఆయన్ని కూడా ఏ రేవులోంచి తెచ్చావు?"

"ఎవరూ కాదు అన్నగారూ. పనిగదిలో సున్నంతో పోతపోసిన తల బొమ్మ ఒకటుంది. కళ్లు పైకెత్తుకున్న ముసలాయన. నాకు బొమ్మలు నేర్పిన గురువు అదే వాడేవారు. పునీతులకి అందరూ దాన్నే గీస్తారు. బంటులకీ, తలారులకీ, రాళ్లు విసిరేవాళ్లకీ మాత్రం వీధిలోంచి మనుషుల్ని తెచ్చుకుంటాం."

చెప్తున్నంతసేపూ అది అతనికి మామూలు విషయమే. చెప్పడం అయ్యాక, ఆ మాటలు గోడకి తగిలి తిరిగొచ్చినట్టయి, మొదటిసారి విన్నాడు. ఇన్నేళ్లలో తను గీసిన మొహాల్లో బతికున్నవన్నీ చంపేవాళ్లవి. చచ్చేవాళ్లందరూ సున్నం. ఎందుకలా జరిగిందో అతనికి తెలుసు కూడా. కండ బిగించినవాణ్ణి చూస్తూ గంటలు గడపొచ్చు. భయపడుతున్నవాడి మొహాన్ని మాత్రం అతను ఎన్నడూ సూటిగా చూడలేదు. తన తండ్రి జ్వరంతో పోతున్నప్పుడు కూడా కాళ్ల వైపే కూర్చున్నాడు.

"నువ్వెళ్లిపో," అన్నాడు ఎర్కోలే. "పగిలిందైనా సరే, పాత పలక నేనే పట్టుకుంటాను."

లోపలి నుంచి మెంగో గొంతు వచ్చింది. "ఆయన్ని ఉండనివ్వండి. ఒక మాట అడగాలి."

వాళ్లు లోపలికి వెళ్లారు. మెంగో ఇంకా గోడవైపే ఉన్నాడు.

"మేస్త్రీ, ఆ సిలువకి కట్టుబడి ఉన్నాయన తల ఎవరిది?"

"సున్నపు బొమ్మది."

మెంగో నెమ్మదిగా ఇటు తిరిగాడు. "సున్నమా?"

"అవును."

"అంటే ఆయనకి నొప్పే లేదు. అందుకా అంత శాంతం." పెదవులు వంకర తిరిగాయి. "నేనొట్టి పిచ్చోణ్ణి. చిన్నప్పటినుంచీ గుళ్లో వాళ్లని చూసి, అట్టా పోవడం నా వల్ల కాదనుకునేవాణ్ణి. సున్నంతో పోటీ పెట్టుకున్నానన్నమాట." గడ్డంతో పలకని చూపించాడు. "నా తల పెట్టండి అక్కడ."

"ఏమిటీ?"

"నా మొహం గీసి ఆ సున్నం మీద అంటించండి. తాడు లాగేది నేనైతే, కట్టించుకునేది కూడా నేనే కావాలి. అప్పుడు చూస్తాను మీ పలక."

"కుదరదు," అన్నాడు ఎర్కోలే వెంటనే. "పోయేవాడి రూపు గియ్యడం సంఘంలో నిషేధం. రేపు దాన్ని ఎవడో కొంటాడు, ఎవడో మంత్రాలకి వాడతాడు. అయినా ఇక్కడ గియ్యడానికి ఏముందని?"

ఫ్లమీనియో చెయ్యి అప్పటికే నల్ల అంగీ లోపలికి పోయి బయటికి వచ్చింది. వేళ్ల మధ్య ఎర్ర సుద్దముక్క ఉంది. మడిచిన కాగితం కూడా ఉంది.

ఎర్కోలే ఆ సుద్దని చూశాడు. "ఇది ఇక్కడికెందుకు తెచ్చావు తమ్ముడూ?"

అలవాటు అనబోయాడు ఫ్లమీనియో. నిజంగా అలవాటే. నిద్రలో కూడా సుద్ద పక్కనే ఉంటుంది. కానీ ఇవాళ పొద్దున అంగీ తొడుక్కుంటూ, పాత కాగితం తీసి కొత్త కాగితం మడిచి పెట్టుకున్నాడు. అది ఎందుకు మార్చాడో అప్పుడు తనని తను అడగలేదు. ఈ సంఘంలో ఎందుకు చేరాడో కూడా అడగలేదు. పుణ్యం కోసం అని అందరికీ చెప్పాడు, తనకి కూడా.

"చూసి గియ్యడానికి తెచ్చాను," అన్నాడు.

ఎర్కోలే ఆ మాటని క్షమించలేదు. మొహంలో తెలిసింది. కానీ కిటికీలోంచి సంతకి వచ్చిన బళ్ల చప్పుడు పెరుగుతోంది, పొద్దు నడినెత్తికి వస్తోంది. ముసలాయన మెంగోని చూశాడు. "గియ్యి. అది వీడితోనే మట్టిలోకి పోవాలి. దానికి నకలు తియ్యనని సిలువ మీద ఒట్టెయ్యి."

ఫ్లమీనియో ఒట్టేశాడు. ముసుగు తీసేశాడు. దానివల్ల ఇంక ఉపయోగం లేదు.

మెంగో బల్ల మీద సర్దుకుని, పాత అలవాటు కొద్దీ భుజాలు వెనక్కి విరిచి, కళ్లు పైకప్పు వైపు ఎత్తాడు.

"అలా వద్దు," అన్నాడు ఫ్లమీనియో. "ఊరికే కూర్చో."

"పునీతులు పైకే కదా చూసేది."

"వాళ్లు సున్నం. నువ్వు నన్ను చూడు."

మెంగో చూశాడు. మొదట ఆ చూపులో ఎగతాళి ఉంది. సుద్ద కాగితం మీద పాకడం మొదలుపెట్టాక అది పల్చబడింది. కదలకుండా కూర్చోవడం వల్ల, మాటలతో వేళాకోళాలతో అంతసేపూ వెనక్కి నెట్టినదేదో మొహంలోకి రాసాగింది. ముందు పెదవి మూల, తర్వాత ముక్కు పక్క గీత.

"ఇట్టాగే చూశాడు," అన్నాడు మెంగో.

"ఎవరు?"

"తాదేయో. పొడిచినప్పుడు. తిడతాడనుకున్నాను. రోజూ తిట్టేవాడే, మోపుకి మోపుకీ. ఏమీ అనలేదు. ఇప్పుడు నేను మిమ్మల్ని చూస్తున్నట్టే చూశాడు. వీడు ఇది నిజంగానే చేస్తున్నాడా, అని." ఊపిరి తీసుకున్నాడు. "నేను మొహం తిప్పుకున్నాను మేస్త్రీ. వాడి కత్తి నా వైపు రాలేదు, వాడి దగ్గర కత్తే లేదు. కోర్టులో ఉందని చెప్పాను. లేదు."

ఎర్కోలే మూలన నిలబడ్డవాడల్లా తలుపు దగ్గరికి చప్పుడు చెయ్యకుండా నడిచాడు, గురువుగారిని పిలవడానికి.

ఫ్లమీనియో సుద్ద ఆగలేదు. ఆగాలని అతనికి తెలుసు. ఒక మనిషి ఎదురుగా తనలో దాచినదంతా బయటపెడుతున్నాడు, కనీసం చెయ్యి కిందకి దించాలి. కానీ ఆ క్షణంలోనే మెంగో కింది పెదవి ఒక పక్కకి జారింది. ఏ సున్నపు తలలోనూ, ఏ గురువు కాగితంలోనూ లేని గీత. ఫ్లమీనియో దాన్ని ఒక్క ఒత్తుడుతో పట్టుకున్నాడు. పట్టుకున్నప్పుడు లోపల పొంగినదాన్ని దుఃఖం అని పిలవాలనుకున్నాడు. అది దుఃఖం కాదు. అది పొద్దున బీరువా తెరిచినప్పుడు కలిగిందే, దానికి పదింతలు.

"ఏడుపొస్తోంది," అన్నాడు మెంగో, ఆశ్చర్యంగా. "పెద్దయ్యా, ఎక్కడున్నారు? వస్తోంది."

గురువుగారు వచ్చారు. ఫ్లమీనియో బయటికి వెళ్లి, వసారాలో బొటనవేలంత తలని కాగితంలోంచి కత్తిరించాడు. ఎర్కోలే తెచ్చిన పిండి జిగురుతో పలక మీద అంద్రెయ మొహానికి అంటించాడు. ఎర్ర సుద్దతో గీసిన తల రంగుల మధ్య పచ్చి గాయంలా ఉంది. ఇప్పుడు సిలువకి కట్టుబడ్డవాడూ, కడుతున్నవాడూ ఒకడే. ఒకరివైపు ఒకరు చూసుకోవట్లేదు.

గంట మోగింది.

సంత మైదానం దాకా దారి అంతా ఫ్లమీనియో మెంగోకి ఎదురుగా, వెనకడుగులు వేస్తూ నడిచాడు. నడుము పట్టుకుని ఒక సోదరుడు దారి చూపించాడు. మళ్లీ తొడుక్కున్న ముసుగులో అతనికి మెంగో కళ్లు, పలక అంచు తప్ప ఏమీ కనపడలేదు. గాడిదలు, కోళ్లు, మొక్కుతున్న ఆడవాళ్లు, తిడుతున్న రేవు కూలీలు, అందరూ చెవులకి మాత్రమే. ఒకచోట ఎవడో కుళ్లిన కాయ విసిరితే అది ఫ్లమీనియో వీపుకి తగిలింది. మెంగో కళ్లు పక్కకి పోబోయాయి. ఫ్లమీనియో పలకని వాటితోపాటు జరిపాడు. కళ్లు తిరిగి వచ్చాయి.

"చెవి బాగా కుదిరింది," అన్నాడు మెంగో గొణుగుతూ.

"నడు నాయనా," అన్నాడు పక్కనుంచి ఎర్కోలే. "క్రీస్తు పేరు చెప్పుకుంటూ నడు."

ఉరికొయ్యకి రెండు నిచ్చెనలు. ఒకదాని మీద తలారి మెంగోని ఎక్కించాడు. రెండోది పలక పట్టినవాడికి. ఫ్లమీనియో ఒక చేత్తో మెట్లు పట్టుకుంటూ, రెండో చెయ్యి చాచి పలకని నిలబెట్టి ఎక్కాడు. పైన గాలి ఉంది. పలక గాలికి తెరచాపలా లాగింది. అంటించిన కాగితం అంచు లేచి టపటపలాడింది. అతను దాన్ని బొటనవేలితో నొక్కిపట్టాడు.

"మేస్త్రీ," అన్నాడు మెంగో. గొంతులో వేళాకోళం లేదు. "కొంచెం ఎడమకి. తాడు కనపడుతోంది."

ఎడమకి జరిపాడు.

"ఇప్పుడు లేదు. అట్టాగే ఉంచండి."

ఎప్పటిదాకా ఉంచాలో ఇద్దరికీ తెలుసు. ఫ్లమీనియోకి కళ్లు మూసుకోవాలనిపించింది. చూడను అని తనకి తను మాటివ్వాలనిపించింది. ఇది నాది కాదు, నేను తీసుకోకూడదు, అనిపించింది. కానీ కళ్లు మూస్తే పలక పక్కకి పోతుంది. పలక పక్కకి పోతే వాడికి తాడు కనిపిస్తుంది. వాడి చూపు ఎక్కడుందో చూస్తూ ఉంటేనే చెయ్యి అక్కడ నిలుస్తుంది. కాబట్టి చూడాలి. అందుకే చూడాలి. అందుకే చూస్తున్నాడా?

మెంగో పెదవులు కదులుతున్నాయి. ప్రభువా అంటున్నాడో, అమ్మా అంటున్నాడో గాలికి తెలియలేదు. కళ్లు పలక మీద ఉన్నాయి, ఒకసారి కట్టుబడ్డవాడి మీద, ఒకసారి కడుతున్నవాడి మీద, మళ్లీ కట్టుబడ్డవాడి మీద ఆగాయి. కంటి కింద నరం ఒకటి కొట్టుకుంది. కనుపాప పెద్దదైంది. బుగ్గ మీద గడ్డం మొదళ్లలో చెమట మెరిసింది. కాగితాన్ని నొక్కిపట్టిన ఫ్లమీనియో బొటనవేలు తనంత తనే ఆ బుగ్గ వంపుని చెక్క మీద గియ్యడం మొదలుపెట్టింది. అతను దాన్ని ఆపాడు. అది మళ్లీ మొదలుపెట్టింది. చెయ్యి మాత్రం వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

మెంగోని నిచ్చెన మీంచి తోసెయ్యడానికి తలారి కాలు కదిలింది. మెంగో కళ్లు ఇంకా పలక మీదే ఉన్నాయి.

జనం ఒక్కసారి ఊపిరి వదిలిన చప్పుడు కింద నుంచి వచ్చింది. ఎదురుగా ఉన్న నిచ్చెన ఖాళీగా ఉంది. ఫ్లమీనియో చాలాసేపు పలకని ఆ ఖాళీ ముందే పట్టుకుని నిలబడ్డాడు, దించమని కింద నుంచి ఎవరో రెండుసార్లు చెప్పేదాకా.

సోదరులు శవాన్ని దించారు. ఎర్కోలే పలక మీది కాగితాన్ని గోటితో లేపి, మడతపెట్టి, మెంగో చొక్కా లోపల పెట్టాడు. గుడి స్థలంలో పెట్టడానికి గురువుగారు అనుమతి ఇచ్చారు. గుడి ఆవరణలో, పడమటి గోడ పక్కన గొయ్యి తవ్వుతున్నారు. వాళ్ల అమ్మకి కబురు వెళ్లింది.

బండి కదిలాక ఎర్కోలే అతని దగ్గరికి వచ్చాడు. ఇద్దరికీ ముసుగులున్నాయి. కంతల్లో కళ్లు తప్ప ఏమీ లేవు.

"చివరిదాకా పలకనే చూశాడా?"

"చూశాడు అన్నగారూ. ఒక్కసారి కూడా పక్కకి పోలేదు."

"దేవునికి స్తోత్రం," అన్నాడు ముసలాయన. వెళ్లబోయి ఆగాడు.

ఆయన అడగలేదు. అడక్కుండానే ఫ్లమీనియో చెప్పాడు.

"నేనూ చూశాను."

ఎర్కోలే మిగతా మాట కోసం నిలబడ్డాడు. ఫ్లమీనియో కూడా దానికోసమే వెతుక్కున్నాడు. ముసుగు లోపల చీకట్లో ఆ పెదవి, ఆ కన్ను, బుగ్గ మీది వంపు చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని ఏ మట్టిలో పెట్టాలో అతనికి తెలియలేదు.